ఇల్లెందుకమ్ముతున్నారు?

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే: నా కూతురు తనను తాను దాచుకోవడం నేర్చుకుంటుందేమోనని.

చిన్న భయాలకు నా దగ్గర కొదవ లేదు. పాలు పొంగుతాయని భయం. కిరసనాయిలు స్టవ్వు భగ్గుమంటుందని భయం. ఆయన ఆఫీసు నుంచి కాస్త ఆలస్యమైతే డబుల్ డెక్కర్ ఎక్కబోయి జారారేమోనని భయం. "భయపడటానికి జీతమిస్తే మనింట్లో నీదే పెద్ద ఉద్యోగం జానకీ" అంటారు మా ఆయన. ఆ భయాలు వస్తాయి, పోతాయి. మొదట చెప్పింది మాత్రం పోదు. నాతో పాటే లేస్తుంది, నాతో పాటే పొయ్యి దగ్గర కూర్చుంటుంది.

మా బుజ్జమ్మకు ఆరేళ్లు. నడక వచ్చిన కొత్తలో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోతూపోతూ కాళ్లలో బలాన్ని కూడా తీసుకుపోయింది. పోలియో అన్నారు. ఆసుపత్రి చుట్టూ తిరగ్గా తిరగ్గా ఇనుప బూట్లు చేసిచ్చారు. అటూ ఇటూ ఇనుప కడ్డీలు, మోకాలి దగ్గర తోలు పట్టీ, కింద బూటు. అవి తొడిగి నిలబెట్టిన రోజున గోడ వదిలేసి నా వైపు అడుగులు వేసి, "అమ్మా, నేను పొడుగయ్యాను" అంది. తోలు బూట్లు గనక ఇంట్లోకి రానివ్వం. లోపల నేల మీద చేతులు ఆనించి జరుగుతుంది. బయటికి వెళ్లాలంటే గుమ్మం పక్క అరుగు మీద కూర్చుని తొడుక్కుంటుంది. కాబట్టి అందరి చెప్పులతో పాటు అవి కూడా ఎప్పుడూ గుమ్మం బయటే ఉంటాయి.

మాది నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఇల్లు. మా మామగారు యాభై ఆరులో ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి వచ్చి, తెనాలి దగ్గర పొలం అమ్మి కొన్నది. సందు పల్లంలో ఉంటుందని ఎవరో పాతకాలం వాళ్లు ఇంటిని ఎత్తు మీద కట్టారు. నిటారుగా రాతిమెట్లు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వాలుగా చప్టా కట్టిద్దామంటే రిక్షా తిరగడానికే చోటు లేని సందు. దాన్ని ఎత్తుకుని నేనే దించేదాన్ని, నేనే ఎక్కించేదాన్ని. ఇప్పుడు కడుపులో ఇంకొకరు ఉన్నారు. బరువులెత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అదీగాక హిమాయత్‌నగర్‌లో ఒక బడి పెద్ద పంతులమ్మగారు, "నడిచి వస్తే చేర్చుకుంటాం, తరగతులన్నీ కిందే" అంది. ఆ మాట విన్న రోజు నుంచి నాకు నిద్ర లేదు. నా చదువు ఎనిమిదో క్లాసులో, పెళ్లి కుదిరిందని, లెక్కల పరీక్ష రెండ్రోజులుందనగా ఆగిపోయింది. దీని చదువు మెట్ల దగ్గర ఆగిపోవడానికి వీల్లేదు.

అందుకని ఇల్లమ్మేసి బడి దగ్గర నేలమట్టపు ఇల్లు చూసుకుందామనుకున్నాం. తండ్రి కొన్న ఇల్లు, ఆయనకు కష్టంగానే ఉంది. అయినా ఒప్పుకున్నారు. ఇక్కడి దాకా మా ఇద్దరికీ తగువు లేదు. తగువల్లా ఇల్లు అమ్మిపెట్టే దలాల్ దగ్గర వచ్చింది.

ఆయన తీసుకొచ్చింది భావనారాయణని. ఆబిడ్స్‌లో మేడ మీద గది, ఇంగ్లీషులో బోర్డు, బల్ల మీద ఫోను. "మన తెనాలి వైపువాడే. మనవాళ్లకు మనవాళ్ల ఇళ్లే చూపిస్తాడు" అన్నారు. వచ్చాడు, కాఫీ తాగాడు, గోడలు తట్టి చూశాడు, చివరికి కుర్చీలో వెనక్కి వాలాడు.

"చూడు చెల్లెమ్మా. మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు అడిగేవి రెండే. ఇల్లు కలిసొచ్చిందా? కలిసొస్తే మరెందుకమ్ముతున్నారు? ఈ రెంటికీ జవాబు సరిగ్గా ఉంటే సగం అమ్ముడుపోయినట్టే. మొదటిదానికి, బావగారికి ప్రమోషను ఈ ఇంట్లోనే వచ్చింది."

"వచ్చిందిగా" అన్నారు మా ఆయన సంతోషంగా.

"రెండోదానికి, విశాఖపట్నం బదిలీ."

"బదిలీ లేదుగా అన్నయ్యగారూ" అన్నాను.

"ఉందనుకుందాం." నవ్వాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకొకటి. కొనే పార్టీ వచ్చినప్పుడు ఆ గంటసేపూ పాపని పక్కింట్లో ఉంచండి."

"పాప కోసమే గదండీ అమ్ముతున్నది?"

"అందుకే కనబడొద్దంటున్నా. పిల్లకి ఇలా అయిన ఇల్లంటే ఎవరైనా గడప తొక్కుతారా?"

"జ్వరం వల్ల అయింది. ఇంటి వల్ల కాదు."

"నాకు తెలుసమ్మా. ఆ మాట వాళ్లకు చెప్పగలవా?"

"చెప్పగలను."

మగవాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లేసరికి బుజ్జమ్మ తలుపు వెనక నేల మీద కూర్చుని ఉంది. అంతా విన్నది.

"నేను అల్లరి చెయ్యను గదా అమ్మా. మరి పక్కింట్లో ఎందుకు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పి దాన్ని సమాధానపరచడం నాకు చేతనయ్యేదే. పిల్లలకు ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ అది నమ్మితే ఎలా అని భయమేసింది. ముందుగదిలోకి వెళ్లి, "దాన్ని ఎక్కడికీ పంపను" అని చెప్పాను. భావనారాయణ, "ఆలోచించుకోమ్మా" అన్నాడు, నేనేదో చీర రంగు సంగతి మాట్లాడినట్టు.

ఆ ఆదివారం మా ఆయన తనంతట తనే, "మొజంజాహీ మార్కెట్‌కి వెళ్లి పళ్లు తీసుకురా, నేను బుజ్జమ్మను చూసుకుంటాను" అన్నారు. అలా ఎప్పుడూ అనరు. అయినా సంబరపడ్డాను. బత్తాయిలు బేరమాడి తిరిగొచ్చేసరికి మెట్ల పైన కొత్త చెప్పులు వరసగా ఉన్నాయి. వాటి పక్కనే, ఎప్పటిలాగే, నా కూతురి ఇనుప బూట్లు.

వాళ్ల జాగ్రత్త చూడండి. పిల్లను ఎత్తుకుపోయి పక్కింటి కొండమ్మ దగ్గర దించారు. పిల్ల గౌన్లు తీగ మీంచి తీసేశారు. మందు సీసాలు బీరువాలో పెట్టారు. బూట్లు మాత్రం ఎవరికీ తట్టలేదు. చెప్పులు ఉండే చోట చెప్పులున్నాయి, ఇంట్లోకి తెస్తే కదా దాచడానికి!

జరీ చీర కట్టుకున్న ఒకావిడ గుమ్మంలో నిలబడి వాటిని చూస్తోంది.

"ఇవెవరివండీ?"

భావనారాయణ, "అవా? పాత కిరాయివాళ్లవండీ. వదిలేసి పోయారు. రేపో మాపో పారేయిస్తారు" అన్నాడు.

"నావి!"

మా అరుగుకూ కొండమ్మ వాళ్ల అరుగుకూ మధ్య ఉన్న పిట్టగోడ అవతల నుంచి వచ్చింది ఆ కేక. తిరిగి చూస్తే గోడ మీద రెండు చేతులు, ఒక రిబ్బను, రెండు కళ్లు.

"అవి నావి! పారెయ్యొద్దు! నేను రేపు వేసుకోవాలి!"

దాని వెనక కొండమ్మ తల. కొండమ్మ భర్త స్టేషన్లో కూలీ. ఆమెకు అయిదుగురు కొడుకులు, ఆడపిల్లలంటే ప్రాణం. "నేనేం జెయ్యనమ్మా! దింపుతనంటే దిగుతలేదు, గోడ ఇడుస్తలేదు. ఏం పట్టు పట్టిందో సూడుండ్రి" అంది, దాన్ని ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంటూ.

బత్తాయిల సంచీ కింద పెట్టాను. బూట్లు తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాను. కొండమ్మ పిల్లను గోడ మీంచి అందించింది. అరుగు మీద కూర్చోబెట్టి పట్టీలు బిగించాను. అది లేచి నిలబడి జరీ చీర ఆవిడకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది.

"మీరడిగే ఉంటారు, ఇల్లెందుకమ్ముతున్నారని" అన్నాను. "మాకు బదిలీ ఏమీ లేదండీ. ఈ పిల్ల ఈ మెట్లు దిగలేదు. అందుకని."

ఆవిడ ఎంత కంగారుగా బయల్దేరిందంటే చెప్పులు కుడిఎడమలు మార్చి తొడుక్కుంది. అలాగే మెట్లు దిగిపోయింది, వెనక ఆవిడ భర్త.

భావనారాయణ ముఖం కందగడ్డయింది. "చేతికొచ్చిన బేరం చెడగొట్టావమ్మా! ఇలాగైతే ఆబిడ్స్‌లో ఏ ఏజెంటూ ఈ ఇంటి ముఖం చూడడు!"

"చెడింది మీ బేరం. నాది ఇప్పుడే మొదలైంది. మళ్లీ మా మెట్లెక్కకండి, మీకూ కష్టం."

అన్నం దగ్గర మా ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు, తినలేదు.

"నేను దాన్ని దాచలేదు జానకీ. గంటసేపు కొండమ్మ దగ్గర ఉంచాను, అంతే."

"దాన్నేమంటారు మరి?"

"ఇల్లు అమ్ముడుపోవాలా వద్దా?"

"పోవాలి. దాని కోసమే. దాన్ని దాచి అమ్మితే ఎవరి కోసం అమ్మినట్టు?"

"సరే. నువ్వే వెతుకు దలాల్ని. ఎనిమిదో క్లాసు చదువుతో."

"ఒక ప్రశ్న అడగడానికి ఎనిమిదో క్లాసు చాలు" అన్నాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మా ఇంట్లో అది ఒప్పుకున్నట్టే లెక్క.

కొండమ్మను అడిగాను. "దలాల్లా? టేషన్ ముంగట ఇరానీ హోటల్ల కూసుంటరు పొద్దంత. గానీ ఆడోళ్లు గాడికెట్ల పోతరు బిడ్డా?"

"ఫ్యామిలీ రూము ఉంటుందటగా?"

కొండమ్మ కొప్పు ముడేసుకుంది. "పా. నేనొస్త. నేను గూడ సూడలే లోపల ఎట్లుంటదో."

పిల్లను కొండమ్మే ఎత్తుకుని మెట్లు దించింది. అలా మేం ముగ్గురం ఆ హోటల్లో ఒక మూల, ఎర్ర కర్టెన్ వెనక కూర్చున్నాం. బుజ్జమ్మ బూట్లతో సహా కుర్చీ మీద కాళ్లు చాపుకుని ఉస్మానియా బిస్కట్ చాయ్‌లో ముంచుకుని తింటోంది. సర్వరుతో చెప్పి పంపితే దలాల్లు ఒకరి తర్వాత ఒకరు కర్టెన్ దగ్గరికి వచ్చారు. కొండమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "పెండ్లిచూపుల లెక్కనే ఉన్నది గదమ్మా. అబ్బాయి పాట పాడుతడో లేదో అడుగు" అంది.

నేను అందరినీ అడిగింది ఒకటే. "పార్టీ వచ్చి ఇల్లెందుకమ్ముతున్నారని అడిగితే మీరేం చెప్తారు?"

మొదటాయన తడుముకోలేదు. "అన్నదమ్ములు పంచుకుంటున్రని చెప్త."

"మా ఆయనకు అన్నదమ్ములు లేరు."

"పుట్టిద్దాం తియ్యమ్మా, అదెంత పని!"

కొండమ్మ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన్ను పంపేశాను.

రెండో అతను కుర్రాడు, టెరిలిన్ చొక్కా, చేతికి గడియారం. బొంబాయిలో ఉద్యోగమొచ్చిందని చెప్తానన్నాడు. అంటూనే బుజ్జమ్మ కాళ్ల వైపు చూసి, "పాపను మాత్రం ఆ టైంకి జరా..." అన్నాడు.

"చాయ్ తాగి వెళ్లండి" అన్నాను.

ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకాయన ఆడవాళ్లతో బేరం మాట్లాడనని కర్టెన్ బయట నుంచే వెళ్లిపోయాడు. చివరికి ఒక పెద్దాయన వచ్చాడు. నల్లకోటు, గొడుగు, నోట్లో పాన్. పేరు వామన్‌రావు అన్నాడు. నా ప్రశ్న విని నన్ను వింతగా చూశాడు.

"ఏమున్నదో గదే చెప్త. ఎందుకమ్ముతున్రమ్మా?"

"ఈ పిల్ల మా మెట్లు దిగలేదు. అందుకు."

"గదే చెప్త."

"పిల్ల ముందుగదిలోనే ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ కనబడుతుంది."

"ఉండనియ్యి. ఇల్లు దానిది."

నాకు అనుమానమేసింది. ఇంత సులువుగా ఎవరూ ఒప్పుకోరు. "మీరెందుకు అబద్ధం చెప్పరు?" అని అడిగాను.

ఆయన పాన్ ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చాడు. "అబద్ధం జెప్తె యాదుంచుకోవాలె గదమ్మా. నాకు యాదుండదు. ఒకపారి ఒక్కటే ఇంటికి, ఓనర్ కాశికి పోతున్నడని ఒక పార్టీకి చెప్పిన. ఓనర్ సచ్చిపోయిండని ఇంకో పార్టీకి చెప్పిన. ఇద్దరొక్కనాడే వచ్చిన్రు. తలుపు తీసిందెవరు? ఓనరే!"

బుజ్జమ్మ ఎంత గట్టిగా నవ్విందంటే బిస్కట్ ముక్క చాయ్‌లో పడి మునిగిపోయింది. దాని నవ్వు చూసి ఆయనా నవ్వాడు. అక్కడికక్కడే ఆయన్ను కుదుర్చుకున్నాను. ఆయన గొప్పవాడని కాదు. పిల్ల వైపు చూసినప్పుడు కాళ్ల కంటే ముందు ముఖం చూశాడు, అంతే.

"గానీ ఒక మాట" అన్నాడు లేస్తూ. "గిట్లయితే ఆలస్యమైతది. నా మీద గుస్సా గావొద్దు."

ఆలస్యమయింది. పార్టీలు వచ్చారు, గదులు చూశారు, బుజ్జమ్మను చూశారు, అడిగారు, విన్నారు, వెళ్లిపోయారు. కొందరు జాలిపడి వెళ్లారు, కొందరు గోడలకు దిష్టి ఉందని చెప్పి వెళ్లారు. ఒకాయన పురోహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ పురోహితుడు పిల్లకు ఎప్పుడు జ్వరం వచ్చిందో, అప్పుడు ఏ గదిలో పడుకుందో అడిగాడు. "ఆ జ్వరం ఆ ఏడు హైదరాబాదులో చాలా ఇళ్లకు వచ్చిందండీ, వాటన్నిట్లో ఏ గదంటారు?" అన్నాను. వామన్‌రావు మెట్ల మీద కూర్చుని గొడుగుతో నేల గీకుతూ, "నీ జిద్దుతో నా చెప్పులరిగినయమ్మా" అనేవాడు. మర్నాడు మళ్లీ వచ్చేవాడు. పార్టీ వచ్చినప్పుడు మా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు.

రాత్రిళ్లు నాకు అనుమానాలు వచ్చేవి. ఇది నా పంతమేనా? ఇల్లు అమ్ముడుపోక, బడి తెరిచే రోజు దాటిపోతే దాని చదువు ఆపింది నేనే కానా? పొద్దున లేచి, అరుగు మీద బూట్లు తొడుక్కుంటూ దారిన పోయేవాళ్లందరినీ పలకరించే పిల్లను చూస్తే నా కాళ్లు మళ్లీ గట్టిగా నేలకు ఆనేవి.

అలాంటి రోజుల్లోనే వసుమతి వచ్చింది.

అత్తగారితో వచ్చింది. రాజమండ్రి వైపువాళ్లు, సుల్తాన్ బజార్లో కిరాయికుంటున్నారు. నా ఈడుదే, ఇంకా ఒకటి రెండేళ్లు చిన్నదేమో. అత్తగారు వంటింట్లో పొగగొట్టం చూస్తుంటే ఈమె బయట గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను వెళ్లేసరికి బుజ్జమ్మ బూటు ఒకటి చేతుల్లోకి తీసుకుని మోకాలి పట్టీ విప్పి, పెట్టి, విప్పి చూస్తోంది. ఇంతవరకూ ఇంటికొచ్చిన వాళ్లెవరూ వాటిని ముట్టుకోలేదు.

"ఇవి వేస్తే నిలబడుతుందా?"

"నిలబడుతుంది. నడుస్తుంది. కోపమొస్తే తంతుంది కూడా."

వసుమతి నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగి ముఖం ఎలాగో అయిపోయింది. "నొప్పి పెట్టవా?"

"మొదట్లో ఒరుసుకునేవి. లోపల మెత్తటి గుడ్డ చుడతాను. ఎందుకమ్మా?"

చుట్టూ చూసి, చాలా చిన్న గొంతుతో అంది. "మా ఇంట్లోనూ ఇలాంటి పాప ఉంది, నా కూతురే. లోపలి గదిలో. నాలుగేళ్లు. ఎవరొచ్చినా తలుపు వేసేస్తారు. మీరేమో పాపను వీధి గుమ్మంలోనే..." మళ్లీ బూటు వైపు చూసింది. "ఎక్కడ చేస్తారు ఇవి?"

ఆసుపత్రి పేరు, వెళ్లాల్సిన వారం చెప్పాను. పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంది. "పాప పేరేంటి?" అని నేను అడగబోయేంతలో లోపల నుంచి అత్తగారు, "వసుమతీ!" అని పిలిచింది. బూటు దాని జత పక్కనే సరిగ్గా పెట్టి లేచింది. అత్తగారు బుజ్జమ్మను, బూట్లను చూసి, వామన్‌రావు చెప్పినదంతా విని, కోడలి రెక్క పట్టుకుంది. "ఈ ఇల్లు కలిసొచ్చినట్టు లేదు. పద."

మెట్లు దిగుతూ వసుమతి ఒక్కసారి వెనక్కి తిరిగింది. నన్ను కాదు, బుజ్జమ్మను చూసింది.

వానలు పడ్డాయి. మొదటి పెద్దవాన తగ్గిన మర్నాడే వామన్‌రావు గట్టయ్య అనే ఆయన్ను తీసుకొచ్చాడు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి ఖైరతాబాద్‌లో కట్టెల అడితి నడుపుకుంటున్నాడు. భార్య కూడా వచ్చింది. గట్టయ్య ఇల్లు చూడకుండా సందులోనే నిలబడిపోయాడు. పక్కిళ్ల గోడల మీద బురదనీటి గుర్తు, మా మెట్ల మొదట్లోనే ఆగిపోయిన గుర్తు చూస్తున్నాడు. పైకి వచ్చి అడిగాడు.

"ఎందుకమ్ముతున్రు సారూ?"

నేను నోరు తెరిచేలోపు పేపరు మడిచిన చప్పుడయింది. మా ఆయన లేచి వచ్చి బుజ్జమ్మ పక్కన నిలబడ్డారు.

"మా అమ్మాయి ఈ మెట్లు దిగలేదండీ. అందుకని."

"మెట్లెక్కువున్నయి కాబట్టే నాకు నచ్చింది. మా ఇంట్ల ఇయ్యాల గూడ నీళ్లే."

భార్య మాత్రం కొంగు సర్దుకుని మెల్లగా అడిగింది. "ఇల్లు కలిసొచ్చిందా అయ్యా మీకు?"

నేను ఆయన వైపు చూశాను. ప్రమోషను సంగతి చెప్తారనుకున్నాను. ఆయన బుజ్జమ్మ తల మీద చెయ్యి వేసి, "మా అమ్మాయి లేచి నిలబడింది ఈ ఇంట్లోనేనమ్మా" అన్నారు.

గొడుగు పట్టుకుని మెట్ల మీద కూర్చున్న వామన్‌రావు, "గీ మాట నాకు ముందుగాల జెప్తె ఎప్పుడో అమ్మిస్తుంటి గద" అని గొణిగాడు.

ఇల్లు గట్టయ్యే కొన్నాడు. చేరడం కాస్త ఆలస్యమైనా బుజ్జమ్మ బడికి వెళ్తోంది. కొత్త ఇంటికి ఒక్కటే మెట్టు. దాన్ని అది అడ్డంగా తిరిగి, తలుపు పట్టుకుని, తనే దిగుతుంది. బడిలో ఒక పిల్ల "నీ కాళ్లకేమయింది?" అని అడిగిందట. "పోలియో. నీ పన్నుకేమయింది?" అందట. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తుంటే నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు అక్కడే ఉన్నాను.

కొత్త ఇంట్లో పేరంటానికి పిలవడానికి వసుమతి ఇంటికి వెళ్లాను. ఇల్లు ఎక్కడో వామన్‌రావును అడిగాను. ఇలాంటివి మాత్రం ఆయనకు బాగా యాదుంటాయి. బుజ్జమ్మను కూడా తీసుకెళ్లాను. కుంకుమ భరిణె పట్టుకొచ్చిన ఆడదాన్ని గుమ్మంలోంచి పంపెయ్యరు గదా. అత్తగారు లోపలికి రమ్మంది, బొట్టు పెట్టించుకుంది.

"వసుమతి ఏదండీ?"

"పుట్టింటికెళ్లింది."

"పాప కూడా వెళ్లిందా?"

"ఏ పాప? మా ఇంట్లో పిల్లలు లేరు."

అదే నిమిషంలో లోపలి గదిలో కంచం మీద గరిటెతో కొట్టినట్టు చప్పుడయింది. టక్, టక్, టక్. ఆవిడా విన్నది, నేనూ విన్నాను. ఆవిడ ముఖం తిప్పుకోలేదు. "ఎలక" అంది.

బుజ్జమ్మ మూసిన తలుపు వైపు తిరిగి గోడ దగ్గర పెట్టినంత కేక పెట్టింది. "నా పేరు బుజ్జమ్మ! నీ పేరేంటి?"

చప్పుడు ఆగిపోయింది. తలుపు అవతల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు ఉంది. అత్తగారు మమ్మల్ని దాదాపు తోసినంత పని చేసి తలుపు వేసింది. తర్వాత ఇంకోసారి వెళ్లాను. కిటికీలోంచి నన్ను చూసి తియ్యనే లేదు. మళ్లీ వెళ్తాను, కాన్పు అయ్యాక. కానీ నా ముఖం వాళ్లకు తెలిసిపోయింది. ఇది చదువుతున్న మీ ముఖం తెలీదు.

సుల్తాన్ బజార్లో గాజుల దుకాణాల వెనక సందు, చివరి మేడ, ఆకుపచ్చ తలుపు. మీలో ఎవరైనా ఆ వైపు చీరలకో గాజులకో వెళ్తే, కుంకుమ భరిణె ఒకటి వెంట పెట్టుకుని ఆ తలుపు తట్టండి. పేరంటానికి పిలవడానికి వచ్చామనండి. పిల్లల్లేరంటే నమ్మొద్దు. లోపలి గదిలో నాలుగేళ్ల పిల్ల ఉంది, ఎలా ఉందో చూసి రండి. దాని పేరు నాకింకా తెలీదు. తప్పకుండా అడిగి రండి.